పాపం, వానికింక ఎర్కలేదు

మా బాపు చెప్పే కథల్లో ఒక పాలాయన ఉండేవాడు. ఆయనకు పేరు లేదు. గౌలిపురలో రెండు బర్రెలు, ఒక పాత సైకిలు, దానికి చెరో పక్క వేలాడే పాల క్యాన్లు, భుజం మీద గళ్ల తువ్వాల. ఆయన ఆస్తి మొత్తం ఇంతే. మనిషి బక్కపలచన. ఉఫ్ అంటే ఎగిరిపోతాడని చూసినవాళ్లు అనుకునేవాళ్లు. కానీ ఆయనను ఓడించినవాడు పుట్టలేదు, పుట్టబోడు. పిల్లల బంతి బస్సు కిందికి దొర్లితే ఒక చేత్తో బస్సును లేపి, ఇంకో చేత్తో బంతి తీసి, బస్సును మళ్లీ మెల్లగా దించేవాడు. లోపల కూర్చున్న ముసలమ్మ కునుకు కూడా చెదిరేది కాదు. వానాకాలం మూసీ పొంగి ఇళ్ల మీదికి వస్తే ఎదురెళ్లి నిలబడి, "ఇటు గాదమ్మా, అటు" అనేవాడు. మూసీ నోరు మూసుకుని అటు పోయేది.

నాకిప్పుడు నలభై అయిదు దాటాయి. బడిలో తెలుగు చెబుతాను. వీరుల గురించి ఎన్ని పాఠాలు చెప్పానో, ఎన్ని పరీక్ష జవాబులు దిద్దానో నాకే గుర్తు లేదు. ఆ పాలాయనకు సాటి వచ్చినవాడు ఒక్కడూ కనబడలేదు. ఈ మాట పైకి అనడానికి మాత్రం చాలాకాలం సిగ్గుపడ్డాను. ఆ సిగ్గును వదిలించింది కూడా మా బాపే, అదీ ఆయనకు నోట మాట లేని రోజుల్లో.

బాపు నీళ్ల శాఖలో లైన్‌మన్‌గా చేశాడు. పొడవాటి ఇనప చావి భుజాన వేసుకుని గల్లీ గల్లీ తిరిగి, రోడ్డు కింద ఉండే వాల్వులు తిప్పి నల్లాలకు నీళ్లు వదలడం ఆయన పని. నీళ్లు ఎంతసేపు రావాలో, ఎంత జోరుగా రావాలో నిర్ణయించేది పైన ఆఫీసులో వేరేవాళ్లు. తిట్లు తినేది మాత్రం ఈయన. ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు నన్ను వెంట తీసుకుపోయాడు. మాదన్నపేట మార్కెట్ వెనక ఒక ఇంటి మేడ మీంచి ఒకాయన అరిచాడు. "అరే ఓ లైన్‌మన్, పానీ కబ్ ఛోడేగా? హమారే మర్నేకే బాద్?" మేం చచ్చాక వదులుతావా అని. బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు నవ్వారు. బాపు తల ఎత్తలేదు. చావిని రెండు చేతులా పట్టి వాల్వు తిప్పుతూ, "వస్తయి, వస్తయి. ఓర్చినమ్మకు తేటనీరు" అన్నాడు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. చిన్నప్పటి నుంచీ కోపం నా ముక్కు మీదే ఉంటుంది. ఆ మేడ మీదికి రాయి విసరాలనిపించింది. బాపు మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. ఎందుకు ఊరుకున్నాడు అని.

సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుని గడప మీద కూర్చుంటే మా గల్లీ పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్లం. కథ ఎప్పుడూ ఉస్మాన్‌గంజ్ చాయ్ హోటల్లోనే మొదలయ్యేది. పొద్దుటి పాలు పోసి వచ్చి పాలాయన చాయ్ ముందు కూర్చుంటాడు. అప్పుడు వస్తాడు ఒక పైల్వాన్. వానికి తొడల్లాంటి చేతులు, వాని వెనక పదిమంది. ఎవరో పండ్లమ్మే ముసలమ్మ బుట్టను తన్నుతాడు. జామపండ్లు రోడ్డంతా దొర్లుతాయి. హోటల్లో అందరూ లేచి గోడకు అతుక్కుంటారు. పాలాయన ఒక్కడే లేవడు. పైల్వాన్ వచ్చి బల్ల మీద గుద్ది, "ఏయ్ పాలోడా, లెవ్" అంటాడు. పాలాయన ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచుతూ ఉంటాడు.

సరిగ్గా ఇక్కడ బాపు ఆగేవాడు. కథ ఆపి, నిజంగా ఎవరికో కష్టం వచ్చినట్టు తల అడ్డంగా ఊపి, ఆ పైల్వాన్ మీద జాలిపడుతూ అనేవాడు.

"పాపం, వానికింక ఎర్కలేదు."

మేం కేకలు పెట్టేవాళ్లం. ఒకరి మీద ఒకరు పడి దొర్లేవాళ్లం. ఇంకా దెబ్బ పడలేదు, ఏమీ జరగలేదు, అప్పుడే అంత ఆనందం. ఎందుకంటే పాలాయనకు ఒక నియమం ఉంది. చాయ్ అయిపోయేదాకా చెయ్యి ఎత్తడు.

"అయిపోయిందా బాపూ?"

"ఇంక సగముంది."

"ఇప్పుడు?"

"బిస్కెట్ ఇరిగి చాయ్ల పడ్డది. తీస్కోవాలె గదా."

"ఇప్పుడో?"

"గిలాస కింద పెట్టిండు. మూతి తుడుసుకుంటున్నడు."

ఆ మూతి తుడుచుకోవడానికి తువ్వాల నాలుగు మడతలు విప్పేవాడు మా బాపు. మాకు ఊపిరి ఆడేది కాదు. చివరికి కొట్లాట ఒక్క ముక్కలో అయిపోయేది. "ఒక్కటిచ్చిండు. గంతే." పైల్వాన్ ఎక్కడ పడ్డాడో, ఎన్ని పళ్లు రాలాయో ఏమీ చెప్పేవాడు కాదు. దాని తరువాత పాలాయన ఏం చేశాడన్నది మాత్రం వివరంగా చెప్పేవాడు. ముసలమ్మ జామపండ్లన్నీ ఏరి, కడిగి బుట్టలో పెడతాడు. పడ్డ పైల్వాన్‌ను లేపి ముఖాన నీళ్లు చల్లుతాడు. వానికి కూడా ఒక చాయ్ చెబుతాడు.

ఇంత బలమున్న మనిషికి రాని పని ఒకటుంది. మాదన్నపేట మార్కెట్లో తమాటల బేరం ఆడటం. ఎవరెంత చెబితే అంతకే తలూపి, మెత్తబడినవి కూడా తెచ్చేవాడు. ఇంట్లో పెళ్లాం ఆయనను చెడామడా తిట్టేది. పైల్వాన్లను పడగొట్టిన మనిషి మూలకు నిలబడి తమాటలు ఏరేవాడు. వంటింట్లోంచి మా అమ్మ, "నన్నే అంటున్నవ్ గదా? ఇనబడుతున్నది" అనేది. బాపు వినబడనట్టు మా వైపు చూసి కన్ను కొట్టేవాడు.

సినిమాకు పోయినా ఇదే తీరు. ఆఫీసులో, వీధిలో ఏనాడూ గొంతు పెంచని మనిషి, హాల్లో వేళ్లు నోట్లో పెట్టి విజిల్ వేసేవాడు. అదీ హీరో కొట్టినప్పుడు కాదు. తెర మీద ఒక మూల నౌకరులా చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ హీరో మెల్లగా చొక్కా చేతులు మడుచుకునేటప్పుడు. అప్పుడు హాలంతా లేచేది, మా బాపు దానితో పాటు లేచేవాడు. దెబ్బ పడ్డాక ఆయనకు సినిమా మీద ధ్యాస పోయేది. సమోసాల వాడు ఎక్కడున్నాడని వెనక్కి చూసేవాడు.

పదహారేళ్లు వచ్చేసరికి నాకు తెలివి ముదిరింది. కాలేజీ లైబ్రరీలో నాలుగు పుస్తకాలు చదివి వచ్చి ఇంట్లో లొల్లి పెట్టుకున్నాను. "ఎప్పుడూ ఆయనే గెలుస్తడు. గెలుస్తడని ముందే తెలిసినంక ఇంకేముంది బాపూ కథల? మనిషన్నంక ఓడిపోవాలె, భయపడాలె. గప్పుడే అది కథ."

బాపు కోపం తెచ్చుకోలేదు. "గెలుస్తడని నాకెర్క, నీకెర్క. వానికెర్కలేదు గదా బిడ్డా. గదే మజా" అన్నాడు. తరువాత ఇంకో మాట కూడా అన్నాడు. "ఓడిపోయెటోళ్లను సూడాల్నంటే గల్లీల మస్తుమందిమి ఉన్నం. ఓడిపోని ఒక్కన్నన్న ఉండనియ్యి."

నాకు ఆ రెండో మాట అప్పుడు ఎక్కలేదు. చదువురాని మనిషి వాదన అనుకున్నాను. ఆ తరువాత డిగ్రీ చేశాను, టీచర్నయ్యాను. ఎర్ర పెన్ను చేతికొచ్చింది. మా బడి పిల్లలు కాపీ పుస్తకాల్లో "నాకు ఎర్కలేదు" అని రాస్తే కొట్టేసి పైన "తెలియదు" అని రాసేదాన్ని. "గిట్ల" అంటే "ఇలా". "మస్తు" అంటే "చాలా". ఇరవై ఏళ్లు అదే పని. ఎన్ని పెన్నులు అరగదీశానో. పాలాయన సంగతి ఎక్కడా ఎత్తేదాన్ని కాదు. బాపు కూడా పదవీ విరమణ అయ్యాక కథలు మానేశాడు. వినడానికి గడప దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు మరి.

పోయిన ఎండాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. కాలు కొంచెం నయం. మాట మొత్తం పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మేం ఏం చెప్పినా అర్థమయ్యేది, కళ్లతో జవాబు చెప్పేవాడు. నోరు తెరిస్తే మాత్రం "ద్ద, ద్ద" అని ఒకటే శబ్దం. మంచినీళ్లన్నా అదే, అమ్మను పిలిచినా అదే. మొదటి పదిహేను రోజులు తంటాలు పడ్డాడు. ఆ తరువాత ప్రయత్నమే ఆపేశాడు. నోరు గట్టిగా మూసుకుని గోడ వైపు చూస్తూ ఉండేవాడు. మాట నేర్పడానికి వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చే అమ్మాయి నన్ను పక్కకు పిలిచి ఒక్కటే చెప్పింది. "మాట రాకపోవడం కన్నా ఆయన ప్రయత్నం మానేయడం పెద్ద ప్రమాదం మేడం. ఈ రెండు మూడు నెలలే ముఖ్యం."

ఆ అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. మనిషి బాగా అలవాటుగా అనే మాటలు, పాటలు, దండకాలు మెదడులో వేరే చోట దాక్కుని ఉంటాయట. సగం మనం అని, మిగతా సగం ఆయనకు వదిలేసి, పది లెక్కపెట్టేదాకా ఆగాలట. అమ్మ భజన మొదలుపెట్టింది. బాపుకు జీవితంలో భజన అలవాటు లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టించాం. ఆయన గోడ వైపు తిరిగాడు. అప్పుడు నాకు పాలాయన గుర్తుకొచ్చాడు.

పొద్దున బడికి పోయే ముందు అరగంట కూర్చునేదాన్ని. కథ చెప్పాలనుకునేసరికి నా గొంతు దానంతటదే బడి గొంతైపోయింది. "అప్పుడు ఆ పాలాయన ప్రశాంతంగా టీ తాగుతున్నాడు. మల్లయోధుడు బల్ల మీద గుద్దాడు. పాపం, అతనికి ఇంకా…" అని ఆపేదాన్ని. లోపల పది లెక్కపెట్టేదాన్ని. ఆఫీసరొస్తే చూసినట్టు, మర్యాదగా నా ముఖం చూసేవాడు బాపు. అంతే. నాలుగు రోజులు అలాగే గడిచాయి. అయిదో రోజు నా చదువు ఇంకో మెట్టెక్కింది. ఆయనకు ధైర్యం చెబుదామని పాలాయనకే పక్షవాతం తెప్పించాను. కుడిచెయ్యి పడిపోయింది, అయినా ఆయన అధైర్యపడలేదు, ఎడమచేత్తో క్యాను పట్టుకోవడం నేర్చుకున్నాడు, అని చెప్పుకుంటూ పోతున్నాను. బాపు కళ్లు మూసుకున్నాడు. మూసిన కంటి చివర తడి కనబడింది.

పక్కన పుంటికూర తెంపుతూ కూర్చున్న అమ్మ చేతిలో కట్టను కింద పడేసింది.

"ఏందే గది? ఆయనకెందుకు దెచ్చినవ్ రోగం? మీ బాపుకు వచ్చింది సాలదా?"

"ధైర్యం కోసం అమ్మా…"

"ఏం ధైర్యం! ఆయనకు ఏం కాదు. ఎవ్వనికన్న ఏమన్న అయితది, ఆయనకు కాదు. గంతే. ఇంకోటి, గదేం చెప్పుడు? టీవీల వార్తలు సదివినట్టు! అతనికట, ఇంకానట. మీ బాపు ఎన్నడన్న గట్ల చెప్పిండా?"

అమ్మకు అక్షరాలు రావు. ఇరవై ఏళ్ల నా ఎర్ర పెన్నును ఒక్క ముక్కలో విరిచేసింది. బాపు లోపల దాక్కుని ఉన్న మాట "ఎర్కలేదు". నేను రోజూ "తెలియదు" కోసం ఖాళీ వదిలి కూర్చుంటున్నాను. ఆ ఖాళీలో ఆయన దగ్గరున్న మాట ఎట్లా పడుతుంది? పాలాయన విషయంలో ఇంకా పెద్ద తప్పు చేశాను. మనలాంటివాణ్ని చూస్తే మనకు ధైర్యం వస్తుందని పుస్తకాలు చెప్పాయి, నేను నమ్మాను. మంచంలో పడ్డ మనిషికి తనలాంటివాడు ఇంకొకడు ఎందుకు? ఎవరికీ లొంగనివాడు ఒకడు ఉన్నాడన్న ధీమా కావాలి. నిండుకుండ తొణకదంటారు. ఆ తొణకని కుండ దగ్గర కాసేపు కూర్చోవడానికే మేం చిన్నప్పుడు ఆ గడప దగ్గర చేరేవాళ్లమని నాకు ఇన్నేళ్లకు అర్థమైంది. మేడ మీంచి ఒకడు తిడుతుంటే బాపు తల ఎత్తకుండా వాల్వు ఎట్లా తిప్పాడో కూడా అప్పుడే అర్థమైంది. ఆయన ఓడిపోయి ఊరుకోలేదు. ఆయన చాయ్ ఇంకా అయిపోలేదు, అంతే.

మరునాడు పొద్దున మొదటి నుంచీ మొదలుపెట్టాను. పాలాయనకు రోగం గీగం ఏమీ లేదు, అదంతా ఎవడో పుట్టించిన ముచ్చట అని ముందే చెప్పేశాను. బాపు తల ఇటు తిప్పాడు. "ఉస్మాన్‌గంజ్ల చాయ్ తాగుతున్నడు పాలాయన. వచ్చిండు పైల్వాన్. గీ లావున్నడు. బల్ల మీద ఒక్కటి గుద్దిండు. ఏయ్ పాలోడా, లెవ్ అన్నడు." చిన్నప్పటి మాట నోట్లో మొదట కొంచెం కొత్తగా, బిడియంగా తిరిగింది. బాపు నా పెదవులనే చూస్తున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను, ఆయన ఊపినట్టే.

"పాపం, వానికింక…"

ఒకటి. రెండు. మూడు. బాపు నోరు తెరుచుకుంది. గొంతు కదిలింది. అయిదు, ఆరు. కూర తెంపుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఎ…" అన్నాడు. ముఖమంతా ఎర్రబడింది. "ఎర్… ఎర్క."

ఒక్క మాట. రెండు నెలల తరువాత మొదటి మాట. నేను ఏడ్చాను. దాచుకోలేదు, దాచుకోవాలనీ అనిపించలేదు. అమ్మ మాత్రం ఏడవలేదు. "లేదు అనాలె, లేదు. సగంల ఆపుతవేంది?" అని ఆయనను గదమాయించింది. బాపు నవ్వాడు, ఎడమ వైపు సగం ముఖంతో.

అప్పటి నుంచి రోజూ పాలాయన వచ్చేవాడు. రోజుకో పైల్వాన్ దొరికేవాడు. కథ ఎక్కడైనా తప్పితే బాపు ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టి ఆపేవాడు. చాయ్ తొందరగా తాగిస్తే అస్సలు ఒప్పుకునేవాడు కాదు. "బి… బిస్…" అని బిస్కెట్ గుర్తుచేసేవాడు. అది రెండో మాట. మాట నేర్పే అమ్మాయి తన పుస్తకంలో "ఎర్క, బిస్కెట్" అని రాసుకుని, "ఇంత మంచి మొదటి మాటలు నేనెక్కడా వినలేదు మేడం" అంది. ఆ వారం బడిలో ఒక పిల్ల కాపీలో "నాకు ఎర్కలేదు" అని కనబడితే నా పెన్ను దాని మీదికి పోయి ఆగింది. పక్కన టిక్కు పెట్టి పేజీ తిప్పాను.

మొన్న మా ఎదురింటి కాక చూడటానికి వచ్చాడు. బాపు కన్నా కొంచెం చిన్నవాడు, ఏదో ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. చేతిలో అరడజను అరటిపండ్లు తెచ్చి, కూర్చున్న వెంటనే ఒకటి ఒలుచుకుని తాను తినడం మొదలుపెట్టాడు. బాపు మంచం మీద దిండుకు ఆనుకుని, ఎడమచేత్తో చాయ్ గిలాస పట్టుకుని ఉన్నాడు. ఒళ్లో బిస్కెట్ ఉంది.

కాక బాపును చూడకుండా, బాపు వినడం లేదన్నట్టు నాతో గట్టిగా మాట్లాడాడు. "ఇగ మాట రాదమ్మా. మా బావమర్దికి గూడ గిట్లనే అయింది. మూడేండ్లు మంచంల ఉండె, ఒక్క మాట రాలె. ఉత్తగ ఆ మాట నేర్పే టీచరమ్మను పిలుసుకుంట పరేషాన్ గాకుండ్రి. ఆశ పెట్టుకోవద్దు."

నా కోపం మళ్లీ ముక్కు మీదికి వచ్చింది. అరటిపండ్లు ఆయన చేతికే ఇచ్చి పంపేద్దామనుకున్నాను. అప్పుడు బాపు వైపు చూశాను. ఆయన గిలాసను తొడ మీద ఆనించి, బిస్కెట్ తీసి చాయ్‌లో ముంచుతున్నాడు, తొందర లేకుండా. ముంచి, నా వైపు చూసి, కాకకు నిజంగా ఏదో కష్టం వచ్చినట్టు తల అడ్డంగా ఊపాడు.

"పా…పం" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "వానికింక… ఎర్క… లేదు."

వంటింట్లో గిన్నె కింద పడ్డ చప్పుడైంది. ఆ వెనకే అమ్మ నవ్వు. కాక నోట్లో అరటిపండు అట్లాగే ఉండిపోయింది.

"ఏమన్నడు? ఏందో అన్నడు గదా? ఏమన్నడు?"

నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని బాపు పక్కన కూర్చున్నాను, తొమ్మిదేళ్లప్పుడు గడప దగ్గర కూర్చున్నట్టే.

"జెర ఆగు కాకా. బాపు చాయ్ ఇంక సగముంది" అన్నాను.